వదిన బండికి పెట్టిన పరీక్ష

మా వదినని బజారులో అందరూ పానాలమ్మ అంటారు. ఎగతాళికి పెట్టిన పేరే. పెట్టినవాడు మా దుకాణానికి ఎదురుగా పంక్చర్లు వేసే ఆయన. ఒకరోజు వదిన చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతిలో పానాతో, బండి కింద నుంచి దేక్కుంటూ బయటికి రావడం చూసి ఆ మాట అన్నాడు. ఆవిడ ఉడుక్కుంటుందని కాసేపు గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాడు కూడా. ఉడుక్కోలేదు సరికదా, మర్నాడే పెయింటర్‌ని పిలిచి బండి వెనక తలుపు మీద ఎర్రరంగుతో 'పానాలమ్మ' అని రాయించింది. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని తిట్టి, తుడిపించి, మళ్ళీ పెద్దవి రాయించింది. ఇప్పుడు ఆ పంక్చరాయనే 'పానాలమ్మగారూ' అని గారు తగిలించి మరీ పిలుస్తున్నాడు.

మాది అద్దాల దుకాణం. కిటికీ అద్దాలు, బీరువా అద్దాలు, మొహం చూసుకునే అద్దాలు. నేను కోస్తాను, వదిన చేరవేస్తుంది, మా అన్నయ్య కొన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి బిగిస్తాడు. కింద దుకాణం, పైన ఇల్లు. చెప్పులు లేకుండా మెట్లు దిగడం మా ఇంట్లో ఎవరూ చేయని సాహసం. నాకు పెళ్ళి కాలేదా అని అడక్కండి. అయింది, చాల్లే అనిపించింది, వచ్చేశాను. ఆ కథ వేరు. ఇది వదిన కథ.

చేరవేయడం అంటే చిన్న పికప్ బండిలో. వెనక తొట్టి మధ్యలో చెక్క చట్రం ఒకటి నిలబెడతాం. చిన్నపిల్లలు రెండు పేకముక్కలు ఒకదానికొకటి ఆనించి నిలబెడతారే, ఆ ఆకారం. దానికి గోనెపట్టాలు చుట్టి, అద్దాలు నిలువుగా ఆనించి, తాళ్ళతో కట్టేస్తాం. అద్దాన్ని పడుకోబెట్టి తీసుకెళ్ళకూడదు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు పడుకోబెడితే భద్రం అనుకుంటారు, ఇంటికెళ్ళి పెంకులు ఏరుకుంటారు. వదిన ఈ సూత్రాన్ని మనుషులకి కూడా వర్తింపజేస్తుంది. ఆవిడ జ్వరమొచ్చినా గోడకి ఆనుకుని కూర్చుంటుంది తప్ప పడుకోదు.

ఆవిడ పానా పట్టడానికి ఒక కారణం ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో, బండి నడపడం నేర్చుకున్న ఏడాదే, ఒకరోజు పొద్దున్న అద్దాల లోడుతో బండి ఆగిపోయింది. దారిన పోయేవాళ్ళచేత తోయించి దగ్గర్లో ఉన్న షెడ్డుకి చేర్చింది. మెకానిక్ ఓ స్టూలు చూపించి "ఇంట్లో మగవాళ్ళని రమ్మనమ్మా, ఏం పోయిందో వాళ్ళకి చెప్తాను" అన్నాడు. అన్నయ్య ఎక్కడో మేడ మీద కిటికీలు బిగిస్తున్నాడు. ఫోన్ చేస్తే "అక్కడే కూర్చో, పనయ్యాక వస్తా" అన్నాడు. వదిన కూర్చుంది. ఆవిడ వెనక వచ్చిన బళ్ళన్నీ బాగుపడి వెళ్ళిపోయాయి. ఏమైందని అడిగినప్పుడల్లా మెకానిక్ "నీకు తెలీదులేమ్మా" అన్నాడు. సాయంత్రం అన్నయ్య వెళ్తే, ఆయన చేతిలో టీ గ్లాసు చల్లారకముందే బండి స్టార్టయింది. బ్యాటరీ వైరు వదులైందట. అన్నయ్య థాంక్స్ చెప్పి వచ్చాడు. ఆ థాంక్స్‌ని వదిన ఇప్పటికీ క్షమించలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నాతో అంది. "ఆకలని కాదే, ఎండని కాదు. బండి నాది, లోడు నాది. దానికేమైందో ఆ షెడ్డులో అందరికీ తెలుసు, నాకు తప్ప. ఇంకెప్పుడూ ఎవడి షెడ్డు ముందూ చేతులు కట్టుకుని కూర్చోను. బండి తగలబడిపోయినా సరే."

అలా మొదలైంది. ఎవరో గురువు దొరికి, ఆవిడలో దాగున్న ప్రతిభని వెలికి తీశాడనుకునేరు. అలాంటిదేమీ లేదు. మొదట్లో ఆవిడ బాగుచేసినవాటికంటే పాడుచేసినవే ఎక్కువ. గాలి వడకట్టే ఫిల్టరు ఉంటుంది, కాగితంతో చేసింది. దాన్ని విప్పి, బట్టల సబ్బు పెట్టి శుభ్రంగా ఉతికి, దండెం మీద నా లంగా పక్కన ఆరేసింది. అది ఎండి అప్పడంలా విరిగిపోతే "ఈ కాలంలో ఏ వస్తువూ గట్టిది రావట్లేదు" అని కంపెనీని తిట్టింది. కానీ పట్టిన పట్టు విడవలేదు. విప్పింది, పాడుచేసింది, మళ్ళీ విప్పింది. చివరికి ఆ బండిలో ఆవిడ చెయ్యి పడని బోల్టు లేకుండా పోయింది.

అలాంటి బండి ఈమధ్య పోయింది. ఇంజను బాగానే ఉంది. అడుగున బండంతటినీ మోసే ఇనుప చాసిస్‌ని తుప్పు తినేసింది. వెల్డింగాయన బండి కింద పడుకుని సుత్తితో కొట్టాడు. ఇనుము పెచ్చులు పెచ్చులుగా ఆయన మొహం మీద రాలింది.

"అతుకు మీద అతుకు వేశానమ్మా ఇన్నాళ్ళూ. ఇక వెల్డింగు పట్టడానికి ఇనుమేదీ? తుప్పుని తుప్పుకెలా అతకను?" అన్నాడు.

వదిన తనూ ఒకసారి సుత్తి పుచ్చుకుని కొట్టి చూసింది. తర్వాత చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. అన్నయ్య మాత్రం లోపలికెళ్ళి తల దువ్వుకుని వచ్చాడు. ఆయన షోరూముకి వెళ్ళడానికి తయారైపోయాడు.

ఆయన మనసు కొత్తగా వచ్చిన పికప్ మీద ఎప్పట్నుంచో ఉంది. తెల్లగా, పెళ్ళికొడుకులా ఉంటుంది. ముందు చిన్న టీవీ, వెనక్కి వెళ్తుంటే వెనకేముందో చూపించే కెమెరా, చల్లటి గాలి, కంపెనీ గ్యారంటీ. "నువ్వు తాళం తిప్పడం, నడపడం, అంతే. ఏదైనా అయితే వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు వదినతో.

"ఆ 'వాళ్ళే' అన్న మాటే నాకు పడదు" అంది వదిన. కానీ రానని అనలేదు. "చూద్దాం పదండి. రెండు బళ్ళు చూద్దాం. నర్సరీలో మొక్కలమ్మే ఆయన తన బండి అమ్ముతున్నాడట, అదీ చూద్దాం. అద్దం ఏది చెప్తే అది."

అద్దం చెప్పడం ఏమిటో చెప్పాలి. ఇది మా ఇంటి పద్ధతి, మా నాన్న నాటిది. అద్దం కోయడమంటే కత్తితో కోసినట్టు కాదు. కట్టరుతో పైన సన్నటి గీత పెడతాం, అంతే. ఆ గీత పెట్టాక అద్దం చూడ్డానికి ఒక్కటిగానే ఉంటుంది కానీ దాని ప్రాణం గీతలో ఉంటుంది. చిన్న దెబ్బ తగిలితే చాలు, గీత వెంబడి రెండవుతుంది. అలా గీత పెట్టిన అద్దాన్ని చట్రానికి కట్టి, గతుకుల్లో బండి తిప్పి తీసుకొస్తే, ముక్కలవకుండా వచ్చిన బండి మా పనికి పనికొస్తుంది. అయితే గీత పెట్టిన వెంటనే తిప్పాలి. ఆలస్యమైతే గీత చల్లారిపోతుందని నాన్న అనేవాడు. చల్లారిన గీత దెబ్బ తగిలినా విడిపోదు, అబద్ధం చెప్తుంది. అందుకని బండి దగ్గరికే కట్టరు పట్టుకుని నేను వెళ్ళాలి.

షోరూములో నేల మా అద్దాలకంటే మెరుస్తోంది. టై కట్టుకున్న అబ్బాయి ఎదురొచ్చాడు. మర్యాదస్థుడే, తప్పు చెప్పకూడదు. కాకపోతే వదిన ప్రశ్న అడిగితే అన్నయ్య మొహం చూసి జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇటు చెప్పు బాబూ, అడిగింది నేను. ఆయన అద్దాలు బిగిస్తారు, బండి నేను నడుపుతాను" అంది వదిన.

ఆ అబ్బాయి ఎర్రబడి, అప్పట్నుంచి ఆవిడకే చెప్పాడు. బానెట్ తెరిచాడు. లోపల ఇంజను కనిపిస్తుందనుకున్నాం. నల్లటి ప్లాస్టిక్ మూత కనిపించింది. మూత మీద కంపెనీ సీలు.

"హెడ్‌లైటు బల్బు పోతే ఎలా మార్చాలి?" అంది వదిన.

"మా సర్వీసు సెంటరుకి తీసుకొచ్చేయండి మేడమ్. ముందు బంపర్ విప్పాలి."

"బల్బు మార్చడానికి బంపరా? కంట్లో నలుసు పడితే తలకాయ తీస్తారా?"

అబ్బాయి నవ్వేశాడు. "డిజైన్ అలా ఉంది మేడమ్."

"సరే, ఆ సీలు నేను విప్పితే?"

"గ్యారంటీ పోతుంది. అయినా విప్పి లాభం లేదు మేడమ్. లోపలున్న కంప్యూటరు మా మెషీనుతో తప్ప మాట్లాడదు."

"కొత్త కోడల్లా ఉందే! పుట్టింటివాళ్ళతో తప్ప మాట్లాడదన్నమాట" అంది వదిన. "మరి ఆగిపోతే?"

"ఫోన్ చేయండి. మావాళ్ళు వచ్చి ఎత్తుకెళ్తారు. మీరు నిశ్చింతగా లాంజ్‌లో కూర్చోవచ్చు, సోఫాలున్నాయి, కాఫీ ఇస్తాం" అని ఆ అబ్బాయి ఎంతో ప్రేమగా చెప్పాడు. కూర్చోవచ్చు అన్న మాటకి వదిన మొహం ఎలా మారిందో నేను చూశాను. ఆ అబ్బాయికేం తెలుసు పాపం!

అయినా పరీక్ష పరీక్షే. మేం తెచ్చిన చట్రాన్ని ఆ తెల్లబండిలో నిలబెట్టాం. అక్కడున్న బల్ల మీద దుప్పటి పరిచి, మధ్యరకం అద్దం ఒకటి పెట్టి కట్టరు తీశాను. అన్నయ్య నా చెవి దగ్గరకొచ్చాడు.

"కాస్త మెల్లగా గీయవే."

"కట్టరు ముందు నువ్వు అన్నయ్యవి కాదు, నేను చెల్లెల్ని కాదు. అవతలికెళ్ళు" అన్నాను, షోరూమంతా వినపడేట్టు. ఎప్పుడూ ఎంత నొక్కుతానో అంతే నొక్కి, ఆ చివర్నుంచి ఈ చివరికి ఒకే ఊపులో గీత పెట్టాను.

బజారు వెనక నుంచి ఊరి చివరిదాకా గొట్టాలు వేయడానికి తవ్వి, పూడ్చడం మర్చిపోయిన రోడ్డొకటి ఉంది. వదిన నడిపింది. ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాడు. నేను తొట్టిలో చట్రం పక్కన నిలబడ్డాను. ఒక్కొక్క గుంత వచ్చినప్పుడు 'ఇప్పుడు పోతుంది' అనుకుంటూనే ఉన్నాను. పోలేదు. ఆ బండి గుంతల మీద బాతు నీళ్ళమీద వెళ్ళినట్టు వెళ్ళింది. అద్దం చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది.

వదిన దిగి, అద్దం చూసి, తన నోటితోనే చెప్పింది. "బాగుందండీ. కాదంటే కళ్ళు పోతాయి. నా జన్మలో ఇంత మెత్తటి బండి నడపలేదు."

అన్నయ్య చొక్కా కాలరు సర్దుకున్నాడు. టై అబ్బాయి కాగితాలు తేబోయాడు. "ఉండు బాబూ, ఇంకోటి చూడాలి" అని వదిన చట్రం దింపించింది.

మొక్కలాయనది ఊరి చివర నర్సరీ. మోకాళ్ళ నొప్పులతో ఇక తోలలేనని బండి అమ్ముతున్నాడు. అది కూడా చిన్న పికప్పే కానీ పాత తరహాది. తొట్టికి మూడు వైపులా తలుపులు కిందికి దిగుతాయి, అంటే ఎటు నుంచైనా అద్దం ఎత్తొచ్చు. తొట్టి నడుమెత్తులోనే ఉంటుంది కాబట్టి ఇద్దరు ఆడవాళ్ళం ఆపసోపాలు పడకుండా ఎత్తగలం. ఇరుకు సందులో కూడా ఒక్క ఊపులో తిరుగుతుంది. ఇవి మంచి గుణాలు. చెడ్డవీ ఉన్నాయి. ఎడం పక్క కిటికీ అద్దం సగంలో ఇరుక్కుని కిందికీ రాదు, పైకీ పోదు. సీటు చిరిగి లోపలి పీచు కనిపిస్తోంది. బండంతా తడిమట్టి వాసన. "ఎత్తెక్కేటప్పుడు కాస్త పొగొస్తుందమ్మా, ముందే చెప్తున్నా" అన్నాడు మొక్కలాయన.

వదిన డ్రైవరు సీటు పైకెత్తింది. కింద ఇంజను, మూతలేమీ లేకుండా, మొత్తం. ఆవిడ చాలాకాలానికి పుట్టింటికెళ్ళినట్టు ఒక్కొక్కదాన్నీ చేత్తో ముట్టుకుని పలకరించింది. "సెల్ఫు ఇదిగో, డైనమో ఇదిగో, డీజిలు ఫిల్టరు ఇక్కడే ఉంది చూడవే. చెయ్యి చాపితే అందుతోంది. దీని సామాన్లు కిళ్ళీకొట్లో అడిగినా దొరుకుతాయి."

"పొగ మాన్పే మందు కూడా అక్కడే ఇస్తారేమో అడుగు" అన్నాడు అన్నయ్య.

కుండీల మధ్యనున్న రాతిబల్ల మీద రెండో అద్దానికి గీత పెట్టాను. అదే కట్టరు, అదే చెయ్యి. అన్నయ్య ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి చూశాడు. మళ్ళీ అదే గతుకుల రోడ్డు. పెద్ద గుంత కూడా కాదు, రెండో గుంతలోనే బండి ఎగిరిపడింది. నా చెవి పక్కనే టక్కుమంది. అద్దం రెండు ముక్కలై తాళ్ళకి వేలాడింది.

తిరిగొచ్చాక అన్నయ్య సంతోషం దాచుకోడానికి కూడా ప్రయత్నించలేదు. "నేననలేదు, నువ్వే అన్నావు, అద్దం ఏది చెప్తే అది అని. చెప్పింది. నీ పరీక్ష, నీ అద్దం, నీ రోడ్డు. ఇంకేం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక అద్దం మీద మండాను. వదిన మాత్రం బండి చక్రం పక్కన కూలబడింది. ఆవిడలా కూర్చోవడం నేను చాలా అరుదుగా చూశాను. ఓడిపోయిందనే అనుకున్నాను. ఇక జీవితాంతం ఆ సోఫాల్లో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగుతూ, తలుపు వెనక తన బండికి ఏం చేస్తున్నారో తెలియకుండా ఎదురుచూడటమే ఆవిడకి రాసిపెట్టి ఉందనుకున్నాను.

ఆవిడ కూర్చున్నది ఏడవడానికి కాదు. చక్రం వెనక తొంగిచూడటానికి. కాసేపటికి కుచ్చిళ్ళు దోపుకుని వెల్లకిలా కిందికి దూరిపోయింది. కింద నుంచి గొంతు వినిపించింది.

"బాబాయిగారూ! కమాన్ కట్టకి ఒక పట్టీ ఎక్కువేయించారా?"

కమాన్ కట్టలంటే వెనక ఇరుసుకి రెండు వైపులా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీలు. బండి బరువు మోసేవీ, కుదుపు మింగేవీ అవే. పట్టీలు ఎక్కువైతే బరువు బాగా మోస్తాయి కానీ కుదుపు మింగవు. బరువు లేనప్పుడు బండి మేకపిల్లలా ఎగురుతుంది.

మొక్కలాయన నాలిక్కరుచుకున్నాడు. "అవునమ్మోయ్! మట్టి బస్తాలకి వెనక దిగిపోతోందని రెండు వైపులా తలో పట్టీ నేనే వేయించా. ఎప్పటి మాటో, మర్చేపోయా."

"తీసెయ్యనా?"

"నీ ఇష్టం. కొనకపోతే మాత్రం మళ్ళీ పెట్టేసి వెళ్ళు."

"చాల్లే, బయటికి రా" అన్నాడు అన్నయ్య. "తప్పినవాడి పేపరు దిద్ది మార్కులు వేస్తావా? తెల్లబండి అలాంటి వేషాలేమీ వెయ్యకుండా గెలిచింది."

వదిన తల మాత్రం బయటికి పెట్టింది. "గెలిచింది కాబట్టి సరిపోయింది. ఓడిపోయి ఉంటే ఏం చేసేవాళ్ళమండీ? బల్బే ముట్టుకోనివ్వనివాళ్ళు కమాన్ కట్ట విప్పనిస్తారా? ఇవాళ అది మెత్తగా ఉంది. రేపు ముదిరి బిర్రబిగుసుకుంటే ఎవరి గడ్డం పట్టుకుని బతిమాలాలి? ఇది ఓడింది. ఎందుకు ఓడిందో నాకు తెలిసింది. నా చేత్తో సరిచేస్తాను. నాకు కావలసిన పరీక్ష ఇదే. ఇందాకటిది కాదు."

మొక్కలు కొనడానికి వచ్చినవాళ్ళు ఒక్కరొక్కరే చుట్టూ చేరారు. ఒకావిడ గులాబీ మొక్క చంకలో పెట్టుకుని మరీ నిలబడింది. అన్నయ్య గొంతు తగ్గించాడు.

"లేవవే. నలుగురూ చూస్తున్నారు."

"చూడనీయండి. ఊరికే ఏం చూస్తారు, ఆ జాకీ ఇటు అందించమనండి."

అప్పుడు అన్నయ్య నోట్లోంచి అసలు మాట ఊడిపడింది. "నేను బిగించడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఇదే. మీ ఆవిడ బండి కింద దూరుతుందటగా, మరి నువ్వేం చేస్తావయ్యా అని. నవ్వుతారు. నాకు తల కొట్టేసినట్టుంటుంది. కొత్తది కొంటే నువ్వు కిందికి దూరే పనే ఉండదు కదా అని..." అక్కడ ఆగిపోయాడు.

వదిన ఇంకాస్త బయటికి జరిగి, మోచేతి మీద లేచింది. మొహం నిండా మట్టి.

"అదా సంగతి! మీ తలకి టీవీ, కెమెరా కావాల్సొచ్చిందన్నమాట. తల కొట్టేసినట్టుంటే టోపీ పెట్టుకోండి" అంది. గులాబీ మొక్కావిడ ఫక్కుమంది. కానీ వదిన నవ్వడం లేదు. "ఆ రోజు షెడ్డు ముందు పొద్దున్నుంచి సాయంత్రందాకా నన్ను స్టూలు మీద కూర్చోబెట్టినప్పుడు కూడా నలుగురూ చూశారండీ. అప్పుడు నా తల ఏమైందో మీరెప్పుడైనా అడిగారా? వాడికి థాంక్స్ చెప్పి వచ్చారు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ ఆయన మొహం మీద అనడం అదే మొదలు. నాతో వందసార్లు అని ఉంటుంది. అన్నయ్య కుండీల వైపు తిరిగి, ఏదో మొక్క కొనబోతున్నట్టు ఆకులు పరీక్షించడం మొదలుపెట్టాడు.

"మరదలా, దూరు. పైన నట్టు తిరిగిపోతోంది, పట్టుకునేవాళ్ళు కావాలి" అంది వదిన.

నేను కట్టుకున్నది షోరూముకని తీసిన మంచి చీర. దూరాను. మాతో పాటు బండి బరువు మోయడానికి జాకీ, అది జారితే ఆపడానికి చెక్కదిమ్మలు. దిమ్మలు సరిగ్గా పడ్డాయో లేదో ఆవిడ రెండుసార్లు తన్ని చూశాకే నన్ను రానిచ్చింది. బోల్టులు తుప్పుపట్టి మొండికేశాయి. వదిన నూనె పోసింది, సుత్తితో తట్టింది, బతిమాలింది. ఒక బోల్టు దేనికీ లొంగకపోతే దాని ఏడు తరాలనీ తలుచుకుంది. పానాకి గొట్టం తొడిగి, కాలు తన్నిపెట్టి లాగితే అప్పుడు కదిలింది. నా కళ్ళల్లో మట్టి, నోట్లో మట్టి. ఒకవైపు పట్టీ తీసి, కట్ట మళ్ళీ బిగించి, రెండోవైపు కూడా అలాగే తీశాం. వదిన ఆ రెండు పట్టీల్నీ బయటికి గిరాటేసింది. ఇనుము రాయి మీద పడి ఖంగుమంది. పైన ఎవరో చప్పట్లు కొట్టారు. మొక్కలాయనే అయ్యుంటాడు.

బయటికొచ్చేసరికి ఎండ నర్సరీ అవతలి గోడ ఎక్కేసింది. మూడో అద్దం బల్ల మీద పెట్టాను. కట్టరు తీయబోతుంటే అన్నయ్య చెయ్యి చాపాడు.

"ఈసారి గీత నేను పెడతా."

"ఏం, నా మీద నమ్మకం లేదా?"

"నువ్వు మీ వదిన పక్షం. మొహం నిండా మట్టి పూసుకుని లేదంటావా?"

ఇచ్చాను. ఆయన కూడా నాన్న దగ్గర నేర్చుకున్నవాడే. కాళ్ళు ఎడంగా పెట్టి, ఒంటి బరువంతా మోపి నొక్కాడు. కట్టరు కీచుమని అరిచింది. నేనైతే అంత నొక్కను. అది గీతలా లేదు, గాయంలా ఉంది. అద్దం చట్రం మీదికి ఎత్తుతున్నప్పుడే రెండవుతుందేమో అనుకున్నాను. వదిన ఆ గీత చూసింది, ఆయన్ని చూసింది. వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది.

తొట్టిలోకి కూడా అన్నయ్యే ఎక్కాడు. నన్ను ఎక్కనివ్వలేదు. కాబట్టి ఆ రోడ్డు మీద ఏం జరిగిందో నేను చూడలేదు. గేటు దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కున్నాను. పగిలితే ఆ తెల్లబండే. పగిలితే రెండు పట్టీలు మళ్ళీ ఎక్కించి, చేతులు కడుక్కుని, వెళ్ళి ఆ టై అబ్బాయి ముందు సంతకం పెట్టాలి. మొక్కలాయన నాకు మంచినీళ్ళిచ్చి "నీ బండి కాదు, నా బండి కాదు, మనకెందుకమ్మా ఇంత దడ?" అన్నాడు. అంటూనే తనూ ఒక గ్లాసు ముంచుకుని గటగటా తాగేశాడు.

బండి గేట్లోకి తిరిగింది. అన్నయ్య తొట్టిలో రెండు చేతులతో చట్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక అద్దం ఉంది. ఒక్కటిగానే ఉంది.

వదిన ఇంజను ఆపింది కానీ దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. అన్నయ్య తాళ్ళు విప్పి, అద్దాన్ని తనే దింపుకున్నాడు. వెలుతురుకి పట్టి గీతని ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు. ఆయన మనసులో ఇంకా అనుమానమే. గీత చల్లారిపోయిందేమో, అబద్ధం చెప్తోందేమో. అద్దాన్ని బల్ల అంచు మీద ఆనించి, వేలిమడతతో ఒక్కటి, పసిపిల్లాడి బుగ్గ మీద తట్టినంత మెల్లగా తట్టాడు.

టక్కుమని రెండయింది. గీత వెంబడే, తిన్నగా.

ఆయన చేతికో ముక్క వచ్చింది. ఆయన గీత నిజమే. దాన్ని అన్ని గుంతలు దాటించి తెచ్చింది ఆ పొగబండే. అది ఇక ఎవరూ కాదనడానికి లేదు, అందరికంటే ముందు ఆయనే కాదనలేడు.

"సరే, కొను" అన్నాడు చివరికి, ముక్కలు బల్ల మీద పెట్టి. ఓడిపోయినవాడు ఏదో ఒకటి గెలవాలి కాబట్టి వేలు కూడా చూపించాడు. "కానీ ఒకటి. నడిరోడ్డు మీద ఆగిపోయిందని మాత్రం నాకు ఫోన్ చెయ్యకు."

వదిన అప్పుడు దిగింది. మట్టి చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎందుకు చెయ్యనూ? తప్పకుండా చేస్తాను. బాగుచేసుకుని వచ్చేసరికి ఆలస్యమవుతుంది, ఈలోపు అన్నం వండి పెట్టండి అని చెప్పొద్దూ?"

గులాబీ మొక్కావిడ ఇంకా వెళ్ళలేదు. మళ్ళీ ఫక్కుమంది. అన్నయ్య ఆవిడ వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు. వదిన వెళ్ళి బండి స్టార్టు చేసింది. ఆ చప్పుడులో, ఆవిడకి వినపడకుండా, ఇంట్లో బియ్యం ఏ డబ్బాలో ఉంటాయని నన్నడిగాడు.